అడ్డపొగ నుంచి ఐకోస్ దాకా

కిందటేడు ఉగాదికి పాయింట్ కుక్‌లో మా ఇంటి పెరట్లో పదిమందిమి చేరాం. భోజనాలయ్యాక మగవాళ్ళందరూ బార్బెక్యూ చుట్టూ నిలబడి ఇళ్ళ ధరలూ, వడ్డీ రేట్లూ మాట్లాడుకుంటున్నారు. మా మిత్రుడొకడు మాత్రం కంచె పక్కకు పోయి జేబులోంచి పెన్నులాంటి వస్తువొకటి తీశాడు. పొగ లేదు, మంట లేదు. ఒక బొత్తాం నొక్కాడు, అది కొంచెం వణికింది, అర నిమిషం ఆగి నోట్లో పెట్టుకున్నాడు. ఉడకబెట్టిన మొక్కజొన్న పొత్తు వాసనలాంటిదేదో వచ్చింది.

"ఇది సిగరెట్టు కాదన్నా, ఐకోస్. పొగాకుని కాల్చదు, వేడి చేస్తుందంతే. టోక్యో ప్రాజెక్టులో మూడు నెలలు ఇదే తాగాను. అక్కడ్నించి తెచ్చిన పుల్లల్లో ఇదే ఆఖరుది" అన్నాడు. ఆ మాటకి కాస్త ఆగి, "మంచిదేనంటావా?" అని అడిగాడు.

నేను డాక్టర్ని కాను. చదివింది మెకానికల్ ఇంజనీరింగు, బతుకుతెరువు సాఫ్ట్‌వేర్. అయినా ఆ ప్రశ్నకి నాకు చటుక్కున గుర్తొచ్చింది జపానూ కాదు, ఆస్ట్రేలియా కూడా కాదు. కళింగపట్నం దగ్గర మా అమ్మమ్మ ఊరు గుర్తొచ్చింది.

మా అమ్మమ్మ అడ్డపొగ తాగేది. ఉత్తరాంధ్ర వాళ్ళకి వివరం అక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను: చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని తాగడాన్ని అడ్డపొగ అంటారు. పెదాలు మూసి, నిప్పుని నాలుకకీ అంగిటికీ మధ్య గాల్లో నిలబెట్టి, మధ్యమధ్య బూడిద ఉమ్ముతూ తాగాలి. చిన్నప్పుడు మా పిల్లలందరికీ అది గారడీలా ఉండేది. నోరు కాలదా అని అడిగితే, "ఏటవుద్దిరా బాబూ, సముద్రం గాలికి సుట్ట ఆరిపోకుండా ఉంటాది" అనేది. గాలికి ఆరదనీ, బూడిద చీర మీదా చంకలో పిల్లల మీదా పడదనీ, చుట్ట ఎక్కువసేపు వస్తుందనీ అక్కడి ఆడవాళ్ళు తలో కారణం చెప్పేవారు. అసలు సంగతి రుచి అని నాకనిపిస్తుంది. అదెందుకో తర్వాత చెబుతాను.

సరే, చుట్ట సంగతి మొదట్నించీ చూద్దాం. పొగాకు మనది కాదు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో మన తీరాలకొచ్చిన మొక్క. అయినా తెలుగువాడు దానికి పెట్టుకున్న పేరు చూడండి, పొగ ఆకు. తినే ఆకు కాదు, పూసుకునే ఆకూ కాదు, పొగ కోసం పుట్టిన ఆకు అని పేరులోనే తేల్చేశాడు. ఇప్పుడు కంపెనీలు "పొగ లేని" పొగాకు అమ్ముతామంటుంటే మన భాషలో అది నీళ్ళు లేని చెరువులా వినిపిస్తుంది.

1604 ప్రాంతంలో అక్బరు కొలువు నుంచి బిజాపూరు వెళ్ళిన అసద్ బేగ్ అనే ఉద్యోగి తిరిగొస్తూ చక్రవర్తికి పొగాకూ, నగిషీ చెక్కిన గొట్టమూ తెచ్చి సమర్పించాడు. ఇలాంటి కొత్త వస్తువు మన వైద్యగ్రంథాల్లో లేదని ఆస్థాన వైద్యులు అభ్యంతరం చెప్పారని ఆయనే రాసుకున్నాడు. ఆ తర్వాత జహంగీరు 1617లో పొగ తాగడాన్ని నిషేధించాడు. జనం వింటేగా! హుక్కా మాత్రం దక్కన్ దర్బారుల్లో స్థిరపడిపోయింది. ఇక్కడొక సాంకేతిక విషయం గమనించాలి. హుక్కాలో నిప్పుకణిక ఆకు పైన ఉంటుంది, ఆకు ఆ సెగకి మగ్గుతుంది. అంటే పొగాకుని నేరుగా అంటించకుండా వేడి చేసి తాగే పద్ధతికి నాలుగు వందల ఏళ్ళ వయసుందన్నమాట. నీళ్ళలోంచి వస్తే పొగ శుభ్రపడుతుందని అప్పటివాళ్ళూ నమ్మారు, ఇప్పటి కుర్రాళ్ళూ నమ్ముతున్నారు. నీళ్ళు దాన్ని చల్లబరుస్తాయి, అంతే.

మన చుట్టకి అసలు పేరు తెచ్చింది గోదావరి లంకలు. వరద తెచ్చిన ఒండ్రులో పెరిగిన ఆకు ఘాటే వేరు. హాబ్సన్-జాబ్సన్ అనే ఆంగ్లో ఇండియన్ నిఘంటువులో "లుంకా" అన్న మాటకి గోదావరి డెల్టా లంకల్లో పండిన పొగాకుతో చేసే ఘాటైన చుట్ట అనే అర్థం ఇచ్చారు. ఇంకా సరదా సంగతి, 1890లో వచ్చిన "ది సైన్ ఆఫ్ ఫోర్" నవలలో షెర్లాక్ హోమ్స్ బూడిద చూసి ఏ చుట్టో చెప్పగలనంటూ ఉదాహరణకి ఇండియన్ లుంకానే తెస్తాడు. లండన్ బేకర్ వీధి దాకా వెళ్ళిన తెలుగు మాటల్లో మన లంక ఒకటి. ఇక 1892లో విజయనగరంలో మొదట ఆడిన కన్యాశుల్కంలో గిరీశం వెంకటేశానికి నేర్పిన గొప్ప విద్యల్లో చుట్ట కాల్చడం ఒకటని వేరే చెప్పాలా?

ఇప్పుడు రుచి దగ్గరకొద్దాం, ఎందుకంటే నా మిత్రుడి ప్రశ్నకి మూలం అక్కడే ఉంది.

లంకాకు ఎండకీ గాలికీ మెల్లగా ఆరుతుంది. అలా ఆరినప్పుడు ఆకులోని చక్కెరలు చాలావరకు పోతాయి. అలాంటి ఆకు కాలితే వచ్చే పొగకి క్షార గుణం ఉంటుంది. క్షార గుణమున్న పొగలో నికోటిన్ నోటి పొరల్లోంచే రక్తంలోకి పోతుంది, ఊపిరితిత్తుల దాకా పీల్చనక్కర్లేదు. పీలిస్తే దగ్గు ముంచెత్తుతుంది కూడా. కాబట్టి చుట్ట తాగేవాడు పొగని నోట్లో నిలుపుకుంటాడు. నిప్పుని కూడా లోపల పెట్టేస్తే నోరంతా పొగే, అంగిలంతా సెగే, ఒక్క చుక్క బయటికి పోదు. మా అమ్మమ్మ చెప్పని కారణం ఇదేనని నా అనుమానం.

వర్జీనియా పొగాకు కథ వేరు. 1839లో అమెరికాలోని నార్త్ కరోలినాలో స్టీఫెన్ అనే నీగ్రో బానిస ఆకు ఆరబెట్టే కొట్టంలో నిద్రపోయాడట. లేచేసరికి మంట ఆరిపోతోంది. గాభరాగా బొగ్గులు తెచ్చి వేసి ఒక్కసారిగా వేడి పెంచితే ఆకు బంగారు రంగు తేలింది. ఆ పంట సొమ్ము యజమాని అబిషా స్లేడ్‌కి పోయిందని వేరే చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత పొగ ఆకుకి తగలకుండా ఇనుప గొట్టాల్లో వేడి పంపే పద్ధతి స్థిరపడింది. వేడికి ఆకులో చక్కెరలు నిలిచిపోతాయి. అప్పుడు పొగ ఆమ్ల గుణంతో, మెత్తగా, తియ్యగా ఉంటుంది. మెత్తగా ఉంది కాబట్టి గుండెల నిండా పీల్చవచ్చు. నోట్లో నికోటిన్ సరిగా ఎక్కదు కాబట్టి పీల్చక తప్పదు కూడా. 1880ల్లో బోన్‌సాక్ యంత్రం సిగరెట్లని వేలకి వేలు చుట్టడం మొదలుపెట్టింది. ఆకు ఆరబెట్టడంలో వచ్చిన ఒక చిన్న మార్పుతో పొగాకు జబ్బు ప్రపంచమంతటా నోట్లోంచి ఊపిరితిత్తుల్లోకి దిగింది. రుచికీ ఆరోగ్యానికీ ఇంత దగ్గరి చుట్టరికం ఉందని నాకు నలభై ఏళ్ళు దాటేదాకా తెలియదు.

ఆ తియ్యటి ఆకు గుంటూరు జిల్లాకి వచ్చింది. 1912లో ఏర్పడిన ఐ.ఎల్.టి.డి. కంపెనీకి చీరాలలో పెద్ద ఫ్యాక్టరీ ఉండేది. 1920లలో నల్లరేగడి నేలల్లో వర్జీనియా సాగూ, బ్యారన్లూ మొదలయ్యాయి. 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థ, 1976లో గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు వచ్చాయి.

నా మిత్రుడిది కందుకూరు వైపు. వాళ్ళ నాన్నగారికి రెండు బ్యారన్లుండేవి. వాడి ఇంజనీరింగు ఫీజు కట్టింది వేలం కేంద్రంలో అమ్మిన బేళ్ళ డబ్బుతో. క్యూరింగ్ రోజుల్లో రాత్రంతా థర్మామీటరు చూస్తూ కట్టెలు ఎగదోసేవాళ్ళట. మొదట సన్నటి వేడిలో ఆకు రంగు తేలాలి, తర్వాత ఆకు ఎండాలి, ఆఖర్న ఎక్కువ వేడికి ఈనె ఎండాలి. ఒక్క రాత్రి కునుకు తీస్తే బ్యారన్ మొత్తం నల్లబడుతుంది. "నేను కంట్రోల్ సిస్టమ్స్ నేర్చుకున్నది కాలేజీలో కాదన్నా, బ్యారన్ గుమ్మంలో" అంటాడు వాడు. వాళ్ళ నాన్నగారు జన్మలో ఒక్క సిగరెట్టు ముట్టలేదు. 2015లో ధరలు కూలిపోయి ప్రకాశం జిల్లాలో రైతులు ఆత్మహత్యలు చేసుకున్న ఏడాది ఆయన బ్యారన్లు మూసేశారు.

ఇక్కడ విక్టోరియాలో కూడా బ్యారన్లున్నాయని మీలో ఎంతమందికి తెలుసు? బ్రైట్‌కో, మౌంట్ బఫెలోకో మంచు చూడ్డానికి వెళ్ళేటప్పుడు మిర్టిల్‌ఫోర్డ్ దాటుతాం కదా, రోడ్డు పక్క పొలాల్లో పొడుగ్గా, కిటికీల్లేకుండా నిలబడ్డ పాత కొట్టాలు కనిపిస్తాయి. అవి పొగాకు ఆరబెట్టిన కొట్టాలే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇటలీ నుంచి వచ్చిన కుటుంబాలు ఆ ఓవెన్స్ లోయలో వర్జీనియా పండించాయి. 2006లో కంపెనీలు కొనడం మానేశాయి, రైతులు పరిహారం తీసుకుని పంట వదిలేశారు. అంతటితో ఈ దేశంలో చట్టబద్ధమైన పొగాకు సాగు ఆగిపోయింది. రెండేళ్ళ కిందట మేమిద్దరం పిల్లల్ని తీసుకుని అటు వెళ్ళినప్పుడు మావాడు కారాపి, ఒక కొట్టం గోడమీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. "మా నాన్నకి ఫోటో పంపాలి" అన్నాడు. ఆ తర్వాత ఆ గోడ నీడనే సిగరెట్టు వెలిగించాడు.

అడ్డపొగ మీద పరిశోధన ఎప్పట్నించో ఉంది. లోకమంతటా గట్టి అంగిటి మీద వచ్చే క్యాన్సర్ అరుదు. అదే విశాఖ, శ్రీకాకుళం వైపు ఆసుపత్రులకి మాత్రం తరచుగా వచ్చేది. బొంబాయి టాటా ఫండమెంటల్ రీసెర్చ్ సంస్థకి చెందిన ఫలీ మెహతా, డెన్మార్క్ శాస్త్రవేత్త జెన్స్ పిండ్‌బోర్గ్, వారి సహచరులు శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్ళు పరీక్షించి 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో ఫలితాలు ప్రచురించారు. నూటికి నలభైమందికి పైగా అడ్డపొగ తాగేవాళ్ళే. అందులో మగవాళ్ళకంటే ఆడవాళ్ళు ఎక్కువ. అంగిటి మీద తెల్లమచ్చలూ, ఎర్రచుక్కలూ, పుళ్ళూ కనిపించాయి. ఆ తర్వాత అదే బృందం శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడకందార్లకి ఇంటింటికీ తిరిగి నచ్చచెప్పి, ఏళ్ళ తరబడి వెంటబడి చూసింది. మానేసినవాళ్ళలో, తగ్గించినవాళ్ళలో మచ్చలు తగ్గాయని 1986లో లాన్సెట్‌లో రాశారు. మందూ మాకూ లేకుండా, మాటలతో.

ఆ బృందం మా అమ్మమ్మ ఊరికి వచ్చిందో లేదో గాని, 1990లో ఆమె అంగిటి మీద పుండు లేచింది. విశాఖ తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరుగారు మంచివాడు, తిట్టలేదు. మానలేకపోతే కనీసం చుట్టని తిప్పి తాగమ్మా అన్నాడట. ఆమె ప్రయత్నం చేసింది. నేను పదకొండేళ్ళవాణ్ణి, చూశాను. నిప్పు బయటికి పెట్టుకుని రెండు దమ్ములు లాగి, ముఖం చిట్లించి, "రుసి లేదురా" అని పారేసింది. మర్నాడు మళ్ళీ నిప్పు లోపలికే. 1991 వేసవిలో పోయింది. ఆఖరి నెలల్లో అంబలి కూడా ముక్కులోంచి వచ్చేసేది. ఎందుకు వస్తోందో అప్పుడు నాకెవరూ చెప్పలేదు. అంగిటికి చిల్లు పడిందని పెద్దయ్యాక అమ్మ చెప్పింది.

వేడి వల్ల వచ్చిందా, పొగలోని రసాయనాల వల్ల వచ్చిందా అంటే రెండిటినీ విడదీయడం కష్టం. రసాయనాల మాట ఎలాగూ తెలిసిందే. 65 డిగ్రీలు దాటిన పానీయాలు అన్నవాహికకి బహుశా క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2016లో తేల్చింది కాబట్టి, వేడిని కూడా వదిలెయ్యలేం.

ఇక మావాడి యంత్రం దగ్గరకొద్దాం. ఇది మొదటి ప్రయత్నం కాదు. 1988లో అమెరికాలో రేనాల్డ్స్ కంపెనీ ప్రీమియర్ అనే సిగరెట్టు తెచ్చింది. కొసన చిన్న బొగ్గు ఉంటుంది. ఆ బొగ్గు మండి లోపలి పొగాకుని వేడి చేస్తుంది. మన హుక్కానే అడ్డంగా పడుకోబెట్టినట్టన్నమాట. కోట్ల డాలర్లు పోశారు. రుచీ వాసనా భరించలేమని జనం తిప్పికొడితే ఏడాది తిరక్కుండా 1989లో ఎత్తేశారు. ఆరోగ్యం పేరు చెప్పి అమ్మబోయిన సరుకు నాలుక దగ్గర ఓడిపోయింది. 2014లో ఫిలిప్ మోరిస్ కంపెనీ జపాన్‌లో నగోయాలోనూ, ఇటలీలో మిలాన్‌లోనూ ఐకోస్ మొదలుపెట్టినప్పుడు రుచి మీద చాలా కష్టపడినట్టు కనిపిస్తుంది.

లోపల ఉండేది తరిగిన ఆకు కాదు. ఆకుని పొడి చేసి, నీళ్ళూ గ్లిజరినూ గోరుచిక్కుడు జిగురూ కలిపి, అప్పడంలా పలచగా పరిచి ఆరబెట్టి, మడతలు పెట్టి పుల్లలో కూరుస్తారు. (గోరుచిక్కుడుని ఇంత దూరం లాక్కొచ్చారు చూడండి!) సిగరెట్టు కొస దమ్ము లాగినప్పుడు 900 డిగ్రీల దాకా వెళ్తుంది. ఇది 350 డిగ్రీలు దాటదు. కాబట్టి నికోటిన్, సువాసన పదార్థాలు, గ్లిజరిన్ ఆవిరవుతాయి గాని ఆకు మండదు. మంటతో పుట్టే కమురు, ఘాటు, గొంతులో పట్టు తగ్గిపోయి ఉడికిన గింజల వాసన మిగులుతుంది. ఆ లోటు పూడ్చడానికే చాలా దేశాల్లో మెంథాలూ, పళ్ళ రుచులూ కలుపుతారు. ఆరు నిమిషాలో, పద్నాలుగు దమ్ములో, ఏది ముందైతే అప్పుడు ఆగిపోతుంది.

ఆరోగ్యం మాట? మండదు కాబట్టి కార్బన్ మోనాక్సైడ్ బాగా తగ్గుతుంది. తెలిసిన విషపదార్థాలు చాలావాటి మోతాదు సిగరెట్టు కంటే తక్కువ, కాని సున్నా కాదు. నికోటిన్ ఇంచుమించు అంతే, అంటే అలవాటు బిగింపూ అంతే. అమెరికా ఎఫ్.డి.ఎ. 2020 జూలైలో ఇచ్చిన అనుమతి చదివితే ముచ్చటేస్తుంది: సిగరెట్టు పూర్తిగా మానేసి దీనికి మారితే హానికర రసాయనాలు శరీరానికి తక్కువ తగులుతాయని చెప్పుకోవచ్చు, జబ్బు ముప్పు తగ్గుతుందని మాత్రం చెప్పుకోకూడదు. 2022లో వచ్చిన కాక్రేన్ సమీక్ష కూడా విషపదార్థాలు తగ్గుతాయనే అంది. కాని ఆ ప్రయోగాలన్నిటికీ డబ్బిచ్చింది పొగాకు కంపెనీలే. సిగరెట్టు మానడానికి ఇది పనికొస్తుందా అని కొలిచిన ప్రయోగం అప్పటికి ఒక్కటీ లేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్ బయటపడడానికి దశాబ్దాలు పడుతుంది. 2014 నుంచి లెక్కపెట్టుకోండి, ఇంకా సమయం కాలేదు. టెస్టింగు పూర్తి కాకుండా ప్రొడక్షన్‌లోకి వదిలిన కోడ్ అంటే మనవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది.

చట్టాల సంగతి ఇంకా విచిత్రం. భారతదేశం 2019లో ఈ-సిగరెట్లతో పాటు వీటినీ నిషేధించింది. ఆస్ట్రేలియాలో నికోటిన్ విషాల జాబితాలో ఉంది. కాల్చి తాగే పొగాకుకి మాత్రం మినహాయింపు. వేడి చేసే పొగాకుకీ ఆ మినహాయింపు ఇమ్మని ఫిలిప్ మోరిస్ వేసిన దరఖాస్తుని 2020లో తిరస్కరించారు. కాబట్టి ఇక్కడ అంటించేది అమ్మవచ్చు, అంటించనిది అమ్మకూడదు. "ఇదేం న్యాయం?" అని మావాడి గోల. వాడి వాదనలో పస లేకపోలేదు. జపాన్‌లో ఇవి వచ్చాక మామూలు సిగరెట్ల అమ్మకాలు మునుపటికంటే వేగంగా పడిపోయాయి. కాని ఈ దేశం 2012లో ప్రపంచంలోనే మొదటిసారి సిగరెట్టు పెట్టెల మీద బొమ్మలూ రంగులూ పీకేసింది. 2024 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన చట్టంతో మెంథాల్ రుచిని కూడా తీసేసింది, 2025 నుంచి ఒక్కో సిగరెట్టు మీదా హెచ్చరిక రాయిస్తోంది. రుచిని తీసెయ్యడమే వైద్యం అనుకున్న దేశం కొత్త రుచిని లోపలికి రానివ్వదు మరి. పన్ను పెంచి పెంచి చట్టబద్ధమైన సిగరెట్టు ఒక్కోటి రెండు డాలర్లు చేశారు. దాంతో దొంగసరుకు వ్యాపారం పెరిగి, మెల్‌బోర్న్‌లో పొగాకు కొట్లు రాత్రిళ్ళు తగలబడుతుండడం కూడా చూస్తున్నాం. అది మరో వ్యాసం.

ఆ ఉగాది సాయంత్రం ఇవన్నీ నేను చెప్పలేదు. అమ్మమ్మ సంగతి మాత్రం చెప్పాను. వాడు మాట్లాడకుండా విన్నాడు. తర్వాత పుల్లలైపోయాయి, యంత్రం గ్యారేజీలో పాత ఫోను ఛార్జర్ల మధ్య చేరింది, వాడు మళ్ళీ సిగరెట్టుకొచ్చాడు. "నిజం చెప్పనా అన్నా, దాంట్లో రుచి లేదు" అన్నాడు. ఆ మాట విని నేను కాసేపు ఏమీ అనలేకపోయాను.

మొన్న జూన్‌లో వాడికి నలభై నాలుగు నిండాయి. దగ్గు వదలడం లేదని వాళ్ళావిడ పోరితే క్విట్‌లైన్‌కి ఫోను చేశాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. అటుపక్క ఆవిడ ఎంతో మర్యాదగా, ఇంగ్లీషులోనే, మొదట అడిగిన ప్రశ్న ఇది: పొద్దున్న నిద్ర లేచాక ఎంతసేపటికి మొదటి సిగరెట్టు వెలిగిస్తారు?

"ఐదు నిమిషాలు" అన్నాడు మావాడు, నావైపు చూడకుండా.

మా అమ్మమ్మ పళ్ళు తోముకోకముందే, కుంపట్లో నిప్పు రాజుకుంటుండగానే వెలిగించేది.